కొత్త ప్రాజెక్టుల కంటే ముందు పాత గేట్లు చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2024 జూన్‌లో కొలువుదీరిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఈ విజ్ఞప్తి. సైన్స్, ఇంజనీరింగ్ విధానం అనగానే కృత్రిమ మేధ, డ్రోన్లు, సెమీకండక్టర్ల మీదే చర్చ నడుస్తోంది. అవీ కావాలి. కానీ ఇంజనీరింగ్‌ను పట్టించుకోనందుకు మనం ప్రాణాలూ నీళ్లూ పోగొట్టుకున్నది జలాశయాల దగ్గర. కొత్త విధానం అక్కడ మొదలవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం.

నాలుగేళ్ల వరస చూడండి. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్లను ముంచింది. ముప్పై మందికి పైగా బలయ్యారు. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రే రాజ్యసభలో చెప్పారు. 2022 ఆగస్టు 31 రాత్రి గుండ్లకమ్మలో 3వ గేటు పోయింది, 2023 డిసెంబరులో అక్కడే 2వ గేటు పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగింది. తుంగభద్ర మూడు రాష్ట్రాల ఉమ్మడి బోర్డు కింద ఉన్నదే అయినా, దాని కాలువల కిందున్న పొలాల్లో మన రాయలసీమవే ఎన్నో.

గొలుసు ఎందుకు తెగుతుంది? తుంగభద్ర గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నీళ్లు పైదాకా ఉంటే దాని మీద పడే ఒత్తిడి సుమారు 340 టన్నులు. నిలువుగా లేచే గేటులో ఈ భారం నేరుగా గొలుసుకు రాదు, పక్క గాడుల్లోకి పోతుంది. గొలుసు మోసేది గేటు సొంత బరువునూ, గాడిలో పుట్టే రాపిడినీ. అయితే గాడి తుప్పు పట్టినా, సీలు రబ్బరు గట్టిపడినా, గేటు ఒక పక్కకు ఒరిగి బిగుసుకున్నా ఆ రాపిడి ఏటేటా పెరుగుతుంది. ఒకనాడు గేటు కదిలించగానే అతుకు బలహీనంగా ఉన్న లంకె విడిపోతుంది. ఏళ్ల తరబడి బాగానే లేచిన గేటు ఒక్క రాత్రిలో పోయిందంటే అర్థం ఇదే: పాడవ్వడం మాత్రం ఆ రాత్రి మొదలు కాలేదు.

పులిచింతల, గుండ్లకమ్మ, శ్రీశైలంలో ఉన్నవి రేడియల్ గేట్లు, అంటే ఇరుసు మీద తిరుగుతూ లేచే వంపు గేట్లు. వీటిలో ఒత్తిడంతా రెండు చేతుల గుండా ట్రునియన్ పిన్నుకు (గేటు తిరిగే ఇరుసుకు), అక్కడి నుంచి కాంక్రీటులో పాతిన లంగరు కడ్డీలకు చేరుతుంది. కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ డ్యాంలో 1995 జులై 17న ఒక రేడియల్ గేటు ఎత్తుతుండగా విరిగిపోయింది. పిన్ను తుప్పు పట్టి రాపిడి పెరిగిందనీ, డిజైను చేసిన నాడు ఆ రాపిడిని లెక్కలోకే తీసుకోలేదనీ విచారణలో తేలింది. దాన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. వేసవిలో నీళ్లు గేటు అడుగుకు దిగువన ఉన్నప్పుడు గేటును ఎత్తుతూ మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో రాసి పెట్టాలి. అదే గేటుకు అదే ఎత్తులో రీడింగు ఏటా పెరుగుతుంటే ఎక్కడో పట్టేస్తోందన్నమాట. గేటుకు ఒక పుస్తకం, ఏటా ఒక పేజీ చాలు.

మిగతావీ ఇలాంటి పనులే. అడ్డ దూలాల్లో నీరు కారిపోవడానికి పెట్టిన రంధ్రాలు బురదతో, గడ్డితో పూడుకుపోతాయి. నిలిచిన నీరు ఇనుమును తినేస్తుంది. తుప్పు ఎక్కువగా పట్టేది నీటిమట్టం పైకీ కిందికీ ఆడే చోట, గేటు అడుగు అంచున. రంగు వేసేముందు ఇసుక జెట్టుతో పాత పొర పూర్తిగా లేపాలి. చేతి బ్రష్షుతో గీకి పైన ఎపాక్సీ పూస్తే రెండు వర్షాకాలాలకే పెచ్చులు లేస్తుంది. పలక ఎంత మందం మిగిలిందో అల్ట్రాసోనిక్ గేజితో నిమిషాల్లో తెలుస్తుంది. ఇనుప రోపు వ్యాసం పదోవంతు తగ్గితే మార్చెయ్యాలి. పైపైన గ్రీజు పూసినంత మాత్రాన సరిపోదు, పాత గ్రీజు కడిగి కొత్తది లోపలి పోగులకు చేరేలా పట్టించాలి. రెండు పక్కల రోపులూ సమాన బిగువుతో లేకపోతే గేటు వంకరగా లేచి ఇరుక్కుంటుంది. డీజిల్ జనరేటరును ఊరికే ఐదు నిమిషాలు తిప్పి ఆపడం పరీక్ష కాదు, దానితో ఒక గేటు ఎత్తి చూడాలి. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు దిక్కు అదే.

స్టాప్‌లాగ్‌ల సంగతి వేరేగా చెప్పాలి. గేటు పాడైనప్పుడు దాని ముందు గాడిలో దించే ఉక్కు పలకలివి. మామూలుగా ఇవి నిలకడ నీటిలో దించడానికే తయారవుతాయి, పారే నీటిలో దించడానికి కాదు. అందుకే పులిచింతలలో జలాశయం ఖాళీ చేశాకే దించగలిగారు. తుంగభద్రలో అప్పటికి అసలు స్టాప్‌లాగ్‌లే లేవు. డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి పర్యవేక్షణలో అప్పటికప్పుడు పలకలు తయారు చేయించి, పారుతున్న నీటిలోనే ఒకదానిపై ఒకటి దించి మూశారు. ఆ పని సాటిలేనిది. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటును ఎత్తడానికి సాయపడే ఎదురు బరువులు) దెబ్బతిన్నప్పుడూ ఆయనే రావాల్సి వచ్చింది. ఇంత నైపుణ్యం వయసు మీదపడిన ఒక నిపుణుడి దగ్గర ఉండి, శాఖలో లేకపోవడం మమ్మల్ని భయపెడుతోంది. ఆగస్టులో తుంగభద్ర నుంచి వదిలేయాల్సి వచ్చిన నీళ్లను పైనుంచి మళ్లీ వచ్చిన వరద పూడ్చింది గనుక ఆయకట్టు గట్టెక్కింది.

జలవనరుల శాఖలో సివిల్ ఇంజనీర్లే ఎక్కువ. గేటు మాత్రం యంత్రం. దాన్ని చూసుకోవాల్సిన ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, ఆపరేటరు పోస్టులు ఖాళీగా ఉంటే పొరుగు సేవల లస్కర్లతో నెట్టుకొస్తున్నారు. నిధులు తగ్గితే కోత పడేది ముందు మరమ్మతు డబ్బుకే. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చిన్న టెండరుకు కాంట్రాక్టరు రాడు, వచ్చినా అంచనా దాటి కోట్ చేస్తాడు, ఫైలు వెనక్కి వెళ్తుంది, ఆలోగా వానలు వచ్చేస్తాయి. ఏ పార్టీ ప్రభుత్వంలోనైనా జరుగుతున్నది ఇదే.

అందుకని మేము అడిగేవి ఇవి. రాబోయే బడ్జెట్‌లో గేట్ల నిర్వహణకు వేరే పద్దు తెరవాలి, దాన్నుంచి మరో పనికి మళ్లించకుండా ఉత్తర్వు ఇవ్వాలి. గేట్లు, వాటిని ఎత్తే హాయిస్టులు, క్రేన్ల నేటి విలువలో ఏటా 2 శాతంతో మొదలుపెట్టినా చాలు. మెకానికల్ విభాగాన్ని మూడు నదీ పరీవాహకాలకు, అంటే గోదావరి, కృష్ణా, పెన్నాకు ఒక్కో బృందంగా నియమించాలి. విడి రోపులు, సీళ్లు, బేరింగులు ఆ బృందాల గోదాముల్లోనే ఉండాలి. ఒకే కొలత గేట్లున్న ప్రాజెక్టులకు ఉమ్మడిగా ఒక స్టాప్‌లాగ్ సెట్టు, దాన్ని దించే క్రేను సిద్ధం చేయాలి. గాడులు లేని పాత డ్యాంలకు ఏం చేయాలో ముందే గీసి పెట్టుకోవాలి. తాడేపల్లిగూడెం నిట్‌కు, తిరుపతి ఐఐటీకి, కాకినాడ జేఎన్‌టీయూకు వెల్డింగు పరీక్షలు, మందం కొలతలు అప్పగిస్తే శాఖకు బయటి కన్ను దొరుకుతుంది, పిల్లలకు పని వస్తుంది.

పనికి క్యాలెండరు ముఖ్యం. జనవరిలో తనిఖీ, ఫిబ్రవరికి టెండరు, మార్చి నుంచి మే మధ్య దాకా పని, మే నెలాఖరుకు ప్రతి గేటూ పూర్తిగా ఎత్తి దించి పరీక్ష. పెన్నా, చెయ్యేరు, గుండ్లకమ్మలకు పెద్ద వరద ఈశాన్య రుతుపవనాల్లో వస్తుంది కనుక వాటికి సెప్టెంబరులో మరోసారి. తేదీ వేసి, ఇంజనీరు సంతకంతో ఫలితాన్ని శాఖ వెబ్‌సైటులో తెలుగులో పెట్టాలి. ఏ గేటు పనిచేయడం లేదో దిగువ ఊళ్ల వాళ్లకు తెలిసి తీరాలి.

గేట్లన్నీ బాగున్నా వరదే అంచనా దాటితే? అన్నమయ్య చెప్పిన రెండో పాఠం ఇదే. ఎగువ పింఛా కట్ట తెగిన నీళ్లూ తోడై, స్పిల్‌వే (అదనపు నీళ్లను దిగువకు వదిలే దారి) మోయగలిగిన దానికి మించి వచ్చాయి. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చి నీటిమట్టం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి 896కు చేరింది. పాత డిజైను వరదలు, అంటే డ్యాం తట్టుకోవాలని వేసిన వరద అంచనాలు, తక్కువ ఏళ్ల వాన లెక్కలతో కట్టినవి. ఇప్పటి వానలతో వాటిని తిరగ లెక్కించాలి. పెద్ద జలాశయం దిగువన ఏమవుతుందో మాత్రమే కాదు, దానికి ఎగువన ఉన్న చిన్న కట్ట తెగితే ఏమవుతుందో కూడా ఆ లెక్కలో చేర్చాలి.

ఇవేవీ దయతో చేసే పనులు కావు. డ్యాం భద్రతా చట్టం, 2021 అదే ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లో ఉంది. వానలకు ముందూ వెనుకా తనిఖీ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, నిపుణులతో సమగ్ర భద్రతా మదింపు తప్పనిసరి అని అది చెబుతోంది. చివరి రెండింటికీ ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 డిసెంబరు 30తో ముగుస్తుంది. ఏ డ్యాం మదింపు ఏ నెలలో మొదలవుతుందో జాబితాను బడ్జెట్ సమావేశాల్లోనే జలవనరుల మంత్రి శాసనసభ ముందు పెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు విశ్రాంత నీటిపారుదల ఇంజనీర్లు,
విజయవాడ