ఒకే బోరు నీళ్లు, మూడు కాగితాలు

సంపాదకులకు నమస్కారం.

మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఎకరం ముప్పై సెంట్ల వరి చేను చూసుకుంటున్నాను. ఒక శాస్త్రం చదివినవారి మాట ఇంకో శాస్త్రం చదివినవారికి అందడం లేదన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

టైగర్ రొయ్యల రోజుల్లో చెరువులు ఎక్కువగా ఉప్పు పాయల దగ్గరే ఉండేవి. 2009లో వనామీ అనే రొయ్య రకానికి అనుమతి వచ్చింది. అది తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది కాబట్టి చెరువులు వరి చేల మధ్యకు వచ్చేశాయి. మా సరిహద్దు గట్టుకు అవతల కూడా మూడేళ్ల కిందట ఒకటి తవ్వారు. మొన్న దాళ్వాలో, అంటే రెండో పంటలో, మా దిగువ మడిలో ఆకు కొసలు ఎండాయి. నీరు తీసిన చోట మట్టి మీద తెల్లగా పొడి తేలింది. ఇంటి బోరు నీళ్ల రుచి కూడా మారింది.

ఆ బోరు నీళ్లు ఒకే రోజు మూడు సీసాల్లో పట్టి మూడు చోట్లకు పంపాను. వ్యవసాయం వారి కాగితంలో ఈసీ (ఉప్పును బట్టి పెరిగే విద్యుత్ వాహకత) 3.4 అని, వరికి పనికిరాదని వచ్చింది. రొయ్యల మేత అమ్మే షాపులోని ల్యాబ్ వారు 2 పీపీటీ (వెయ్యి పాళ్లలో రెండు పాళ్ల ఉప్పు) అని రాసి, ‘ఉప్పు చాలదండీ, ఇంకాస్త ఉంటే రొయ్యకు బాగుంటుంది’ అన్నారు. తాగునీటి పరీక్షలో టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాలు, లీటరుకు 2,180 మిల్లీగ్రాములు వచ్చింది. ఇంకో నీరు దొరకనప్పుడు కూడా 2,000 దాటకూడదు కాబట్టి తాగొద్దన్నారు.

ముగ్గురూ సరిగ్గానే చెప్పారు. ఆ మూడు అంకెలూ ఒకే ఉప్పువని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఊరి ఆఫీసులో పంటలు చూసే అబ్బాయి, చేపలు రొయ్యలు చూసే అమ్మాయి పక్కపక్క బల్లల దగ్గరే కూర్చుంటారు. ఇద్దరూ ఎప్పుడు వెళ్లినా లేచి కుర్చీ వేస్తారు. చెరువు సంగతి అబ్బాయిని అడిగితే ‘అది మా సబ్జెక్టు కాదండీ టీచర్ గారూ’ అన్నాడు. చేను సంగతి అడిగితే ఆ అమ్మాయీ అదే మాట అంది. కాగితం తిరగేసి, ఒక పీపీటీ అంటే లీటరుకు సుమారు వెయ్యి మిల్లీగ్రాములు, ఈసీలో అయితే సుమారు ఒకటిన్నర అని లెక్క వేసి చూపించాను. ఆ అబ్బాయి కాసేపు చూసి, ‘అయితే వాళ్ల చెరువులో ఐదు అంటే మాకు దగ్గర దగ్గర ఎనిమిదా?’ అన్నాడు. రెండేళ్లుగా పక్క బల్ల మీద ఆ ఐదు వింటూనే ఉన్నాడు.

మా ఆయనకు బీపీ. డాక్టరు గారు ఆవకాయ మానమన్నారు. ఏ నీళ్లు తాగుతున్నారని అడగలేదు.

ఒక్కదాని మీదే జీవితం పెట్టేవారు వద్దని నేననను. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో వరినే పట్టుకుని పనిచేసినవారు లేకపోతే మనకు స్వర్ణ వరి రకం వచ్చేది కాదు. తప్పులో నా వాటా కూడా ఉంది. నేను ఒక గదిలో ద్రావణాల గాఢత చెబుతుంటే, గోడ అవతల బయాలజీ టీచరు ద్రవాభిసరణం చెప్పేవారు. బయట ఉప్పు పెరిగితే వేరు నీరు పీల్చుకోలేదన్నది ఆ రెండు పాఠాలూ కలిస్తేనే అర్థమవుతుంది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా మేమిద్దరం కలిసి ఒక పీరియడ్ తీసుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అధికారులను అడిగేవి రెండే. నీటి పరీక్ష ఎవరు చేసినా కాగితంలో ఈసీ, పీపీటీ, టీడీఎస్ మూడూ ఒకే వరుసలో వేయించండి. సార్వాకూ (తొలి పంటకూ) దాళ్వాకూ ముందు ఒక్కో పూట పంటలవారు, రొయ్యలవారు, మురుగు కాలువల ఇంజనీరు, తాగునీటివారు కలిసి చెరువూ చేనూ ఆనుకున్న గట్ల మీదకు రండి. మా ఊళ్లో ఆకుమడి పోసి పది రోజులైంది. దిగువ మడిలో నాట్లు వేయాలో వదిలేయాలో ఈ నెలాఖరులోగా తేల్చుకోవాలి. ఈలోగా వస్తే సీసాలు, కాగితాలు పట్టుకుని గట్టు మీదే ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
రాజోలు ప్రాంతం, కోనసీమ