లిథియం మాత్రల కోసం: కార్మిక శాఖ మంత్రిగారికి ఒక ఈఎస్ఐ కార్డుదారు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖామాత్యుల వారికి,

నమస్కరించి రాయునది. నా మానసిక జబ్బుకు వాడే లిథియం మాత్రలు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా పథకం) డిస్పెన్సరీలో సక్రమంగా అందకపోవడం గురించి ఇది నా ఏడవ ఉత్తరం. మొదటి ఆరింటిలో రెండింటిని కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో నేనే వరుసలో నిలబడి ఇచ్చాను. ఒకటి కేంద్రం కింద ఉన్న ఈఎస్ఐ కార్పొరేషన్ వారి సువిధా సమాగమ్ అనే ఫిర్యాదుల సమావేశంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. రెండు కేంద్రం వారి ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాను. ఒకటి తమ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పోర్టల్‌లో పెట్టిన రెండూ పరిష్కారమైనట్లు నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సందేశం వచ్చిన రోజున డిస్పెన్సరీలో నా మందు లేదు, మరుసటి వారం కూడా లేదు. కనుక పరిష్కారమైనది నా ఫిర్యాదా, దాని ఫైలా అన్నది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈఎస్ఐ అంటే ఏమిటో తమకు నేను చెప్పనవసరం లేదు, నా పే స్లిప్పు సంగతి మాత్రం చెప్పుకుంటాను. నేను మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ను. నా జీతం 18,400 రూపాయలు. అందులో 0.75 శాతం, అంటే 138 రూపాయలు, నెలనెలా కోతపడుతుంది. యాజమాన్యం 3.25 శాతం చొప్పున మరో 598 రూపాయలు జమచేస్తుంది. మొత్తం 736 రూపాయలు. 2019 జూలైలో రేట్లు తగ్గించిన తరువాతి లెక్క ఇది, అంతకు ముందు జీతంలో ఇంకా పెద్ద వంతే పోయేది. ఇన్నేళ్లలో ఈ కోత ఒక్క నెల కూడా తప్పలేదు. స్టాకు అయిపోవడం, డాక్టరు సెలవులో ఉండడం, సర్వరు పనిచేయకపోవడం వంటి ఇబ్బందులన్నీ నాకు ఇవ్వవలసిన చోటే వస్తాయి తప్ప నా దగ్గర తీసుకునే చోట ఎప్పుడూ రాలేదు.

నాకు బైపోలార్ జబ్బు ఉంది, అంటే కొన్నాళ్లు ఉత్సాహం హద్దు మీరిపోయి, కొన్నాళ్లు మనసు కుంగిపోయే జబ్బు. కార్పొరేషన్ కాగితాల్లో దాని పేరు మానిక్ డిప్రెసివ్ సైకోసిస్. జబ్బు సెలవులో ఇచ్చే 91 రోజుల మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ అయిపోయిన తరువాత కూడా 80 శాతం వేతనం ఇవ్వదగిన దీర్ఘకాలిక జబ్బులని గుర్తించిన 34 జబ్బుల జాబితాలో టీబీ, క్యాన్సర్‌లతో పాటు స్కిజోఫ్రీనియా ఉంది, నా జబ్బూ ఉంది. ఆ జాబితా తయారుచేసిన పెద్దలకు నేను నిజంగానే కృతజ్ఞుడిని. ఇంట్లో వాళ్లే దీన్ని జబ్బని ఒప్పుకోని రోజుల్లో సర్కారు ఒప్పుకుంది. అయితే నన్ను పనిలో నిలబెట్టేది ఆ జాబితా కాదు, రోజుకు మూడు లిథియం మాత్రలు. అవి సక్రమంగా అందితే నాకు 80 శాతం వేతనం ఇవ్వవలసిన అవసరమే రాదు, నేను నూరు శాతం వేతనం తీసుకుని నా 138 రూపాయలు కడుతూనే ఉంటాను.

లిథియం పాత మందు, చౌక మందు. 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది. కాని దానితో ఆటలాడకూడదు. రక్తంలో కాస్త తగ్గితే పనిచేయదు, కాస్త పెరిగితే విషమవుతుంది. అందుకే కొన్ని నెలలకొకసారి రక్తంలో దాని మోతాదు, ఆరు నెలలకొకసారి థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. ఒంట్లో నీరు తగ్గినా మోతాదు పెరుగుతుంది. నేను పనిచేసేది రియాక్టర్ల దగ్గర, ఏప్రిల్, మే నెలల్లో అక్కడ చెమట ఎలా కారుతుందో ఆ పని చేసినవారికే తెలుసు. ఒకసారి నడుము నొప్పి అంటే మా డిస్పెన్సరీలో డైక్లోఫినాక్ ఇచ్చారు. ఆ రకం నొప్పి మాత్రలు లిథియం మోతాదును పెంచుతాయని పెద్దాసుపత్రి డాక్టరుగారు అంతకు ముందే చెప్పి ఉండడం వల్ల వేసుకోకుండా ఆగాను. నా వైద్యం వివరాలు రాసే బుక్కులో మొదటి పేజీలోనే లిథియం అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. నూటయాభై మంది ఓపీ చూస్తున్న ఒక్క డాక్టరుకు ఆ పేజీ తిప్పే తీరిక లేదు, ఆయనను నేను తప్పుపట్టడం లేదు.

ఇక ఆ మాత్రలు ఎలా వస్తాయో తమరు ఓపిక చేసుకుని చదవాలని ప్రార్థన. మా డిస్పెన్సరీలో మానసిక వైద్యులు లేరు. అక్కడి నుంచి రిఫరల్ (పెద్దాసుపత్రికి పంపే చీటీ) రాయించుకుని ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లాలి. రిఫరల్ రాసే డాక్టరుగారు ఉదయం ఉంటారు కాబట్టి దానికి ఒక రోజు సెలవు. ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ వారంలో ఒకటే రోజు కాబట్టి ఆ రోజుకు ఇంకో సెలవు. తెల్లవారక ముందే బయలుదేరి రెండు బస్సులు మారి వెళితే, కొన్నిసార్లు ఆ రోజు డాక్టరుగారు కోర్టు సాక్ష్యానికో క్యాంపుకో వెళ్లారని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. దొరికితే ఆయన మూడు నిమిషాలు చూస్తారు. ఆ మూడు నిమిషాల్లోనే నిద్ర ఎలా ఉంది, చేతులు వణుకుతున్నాయా, నీళ్లు తాగుతున్నావా అని అడిగే మంచి మనిషి ఆయన. మందు రాస్తారు. ఆసుపత్రి ఫార్మసీలో పదిహేను రోజులకే ఇస్తారు, మిగతావి మీ డిస్పెన్సరీలో తీసుకోమంటారు. మూడో సెలవు పెట్టి డిస్పెన్సరీకి వెళితే, ఈ మందు మా ఇండెంట్‌లో (తెప్పించుకునే మందుల పట్టీలో) లేదు, లోకల్ పర్చేజ్‌కు (బయట షాపులో కొనడానికి) పెడతాం, వచ్చే వారం రండి అంటారు. వచ్చే వారం వెళితే లోకల్ పర్చేజ్ బడ్జెట్ అయిపోయింది, బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోండి అంటారు. ఆ బిల్లు మీద డాక్టరు సంతకం, ఫార్మసిస్టు చేత మందు లేదన్న ధ్రువీకరణ, రిఫరల్ నకలు, పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) నకలు, బ్యాంకు పాసుబుక్కు నకలు జతపరచాలి. నెలకు మూడు వందల రూపాయలు దాటని మందు కోసం నకళ్లకే నలభై రూపాయలవుతుంది. ఒక రోజు సెలవు పెడితే నాకు పోయేది దాదాపు ఏడు వందలు.

అంత చౌక మందైతే బయట కొనుక్కోరాదా అని తమ పేషీలో ఒక ఉద్యోగి నన్ను అడిగారు. కొనుక్కుంటూనే ఉన్నానండీ. కాని మా కాలనీలో ఉన్న నాలుగు మెడికల్ షాపుల్లో మూడింటిలో లిథియం పెట్టరు, ఎవరో ఒకరిద్దరే అడిగే మందు తెచ్చి ఏం చేసుకోవాలంటారు. పెట్టే ఆ ఒక్క షాపులో పాత చీటీ చూపిస్తే ఇవ్వరు. అది వాళ్ల తప్పూ కాదు, కొత్త చీటీ లేకుండా ఈ మందు ఇవ్వకపోవడమే మంచిది. కొత్త చీటీ కోసం మళ్లీ రిఫరల్, మళ్లీ బస్సు, మళ్లీ సెలవు. సెలవులు ఎక్కువైతే సూపర్‌వైజరు ముఖం ఎలా మారుతుందో కార్మిక శాఖ మంత్రిగారికి నేను వర్ణించి చెప్పాలా?

కిందటి ఏడాది వేసవిలో ఇలాగే మూడు వారాలు మందు అందలేదు. ఆ నెలలో ఫ్యాక్టరీలో యంత్రాలు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనులు జరుగుతున్నాయి, సెలవు ఇవ్వలేదు. వేసుకోకపోయినా బాగానే ఉన్నాను కదా అని నాకు అనిపించింది. ఈ జబ్బులో అలా అనిపించడమే మొదటి లక్షణమని తరువాత తెలిసింది. నాలుగో వారంలో నాకు నిద్ర పట్టడం మానేసింది. పది రోజుల్లో వాయిదాల మీద ఒక బైకు కొన్నాను, మా అమ్మాయి డిగ్రీ ఫీజుకు దాచిన డబ్బు ఇద్దరు పరిచయస్తులకు ఇచ్చేశాను, అర్ధరాత్రి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లి సెక్యూరిటీతో గొడవపడ్డాను. ఇవన్నీ నాకు సగమే గుర్తున్నాయి, మిగతా సగం మా ఇంటావిడ చెప్పింది. ఆ రాత్రి ఆమె, మా బావమరిది కలిసి నన్ను దగ్గరలోని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఇరవై రెండు రోజులు అక్కడ ఉన్నాను. ఆమె మెడలోది బ్యాంకులో పెట్టి బిల్లు కట్టింది. అది ఇప్పటికీ బ్యాంకులోనే ఉంది.

ఆ బిల్లు తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టి పద్నాలుగు నెలలైంది. ముందుగా రిఫరల్ లేదు కాబట్టి కుదరదని మొదట అన్నారు. అత్యవసరమైతే రిఫరల్ లేకపోయినా పరిశీలించవచ్చని నేను రాసిచ్చిన తరువాత, ఇందులో అత్యవసరం ఏముంది, గుండెపోటు కాదు, యాక్సిడెంటు కాదు కదా అన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 94వ సెక్షన్ చూడమని మనవి చేశాను. మనిషి తనకు గాని ఇతరులకు గాని తీవ్రమైన హాని చేసుకునే పరిస్థితిని అది అత్యవసర చికిత్స కిందే లెక్కిస్తుంది. ఆ సెక్షన్ నకలు కూడా జతపరచమన్నారు. జతపరిచాను. అదే చట్టం 21వ సెక్షన్‌లో బీమా సంస్థలన్నీ శరీర జబ్బులకు ఎలా ఇస్తాయో మానసిక జబ్బులకు కూడా అలాగే ఇవ్వాలని ఉంది. ప్రైవేటు బీమా కంపెనీలను ఈ విషయంలో మందలించే ప్రభుత్వాలు తమ సొంత బీమా పథకంలో ఇదే చట్టాన్ని ఎందుకు చూసుకోవో అని నాబోటి వాడికి అనిపిస్తే క్షమించగలరు.

ఈ లేఖ కింద నా పేరు, ఐపీ నంబరు (ఈఎస్ఐ బీమా నంబరు) రాయడం లేదు. నా ఆరు అర్జీల మీదా అవి ఉన్నాయి, తమ కార్యాలయం వారు కోరితే రసీదులు చూపిస్తాను. రాయకపోవడానికి కారణం కూడా ఈ గోడులో భాగమే. సిక్ సర్టిఫికెట్ మీద జబ్బు పేరు రాసి ఇస్తే దానిని నేనే తీసుకెళ్లి హెచ్ఆర్ టేబుల్ మీద పెట్టవలసి వచ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర కూర్చునేవారు తగ్గారు. డిస్పెన్సరీ కౌంటరు దగ్గర నా వంతు వచ్చినప్పుడు, "ఆ మెంటల్ మందులవాళ్లు పక్కకు నిలబడండి" అని గట్టిగా పిలుస్తారు. షుగరు మందులవాళ్లను, బీపీ మందులవాళ్లను అలా పిలవడం నేను వినలేదు. అదే మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు గురించి చెబుతుంది, దాని నకలు మాత్రం నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

డిస్పెన్సరీ వారిని అడిగితే మందులు సరఫరా చేసేది రాష్ట్ర ప్రభుత్వపు బీమా వైద్య సేవల విభాగం అంటారు. విభాగం వారిని అడిగితే నిధులు కార్పొరేషన్ నుంచి రావాలి అంటారు. కార్పొరేషన్ వారిని అడిగితే డిస్పెన్సరీలు రాష్ట్రానివి అంటారు. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషన్, ఒక వంతు రాష్ట్రం భరిస్తాయని నాకు తెలుసు. నా మాత్ర ఆ ఏడు వంతుల్లో ఉందో, మిగిలిన వంతులో ఉందో చెప్పగల అధికారి నాకు ఇంకా దొరకలేదు. 2019లో ఇదే విభాగంలో మందుల కొనుగోళ్ల మీద ఏసీబీ కేసులు నడిచినప్పుడు, అవసరం లేనివి కూడా కొన్నారన్న ఆరోపణలు పత్రికల్లో చదివాం. అక్కరలేని మందులు కొనగలిగిన వ్యవస్థకు కావలసిన ఒక్క మందు కొనడం ఎందుకింత కష్టమో తమరే సెలవివ్వాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు కూడా ఫోను చేశాను. అటువైపు అమ్మాయి చాలా మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడింది, మందు మానవద్దని చెప్పింది. మానడం నా చేతిలో లేదమ్మా అని చెప్పాను. పాపం, ఆమె చేతిలోనూ లేదు.

తమరిని నేను కోరేది పెద్ద విషయం కాదు. జబ్బు నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇప్పించండి. ప్రతి డిస్పెన్సరీలో కాకపోయినా, పారిశ్రామికవాడకు ఒక్కదానిలోనైనా వారానికో రోజు మానసిక వైద్యులు కూర్చునేలా చూడండి, అదీ కుదరకపోతే ఫోనులో చూసి చీటీ రాసే ఏర్పాటైనా చేయండి. లిథియం పరీక్ష మన ల్యాబుల్లోనే జరిగేలా చూడండి, బయట చేయించిన ప్రతిసారీ నాకు ఆరేడు వందలు అవుతోంది. సర్టిఫికెట్ మీద జబ్బు పేరు రాయకుండా ఇవ్వడానికి ఏ నిబంధన అడ్డమో చెప్పించండి. నా బిల్లు మంజూరు చేస్తారా లేదా అన్నది ఒక కాగితం మీద రాసి ఇప్పించండి, కాదన్నా సరే, కాదని రాసివ్వండి, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో అక్కడ చేసుకుంటాను. అన్నిటికన్నా ముందు మందు. మిగిలినవి ఆలస్యమైనా ఓర్చుకుంటాను, మందు ఆలస్యమైతే ఓర్చుకునే మనిషిగా నేను ఉండను.

ఈ ఉత్తరం రాసేనాటికి నా దగ్గర ముప్పై మూడు మాత్రలు ఉన్నాయి. రోజుకు మూడు చొప్పున పదకొండు రోజులకు వస్తాయి. డిస్పెన్సరీలో వచ్చే వారం రమ్మన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఈఎస్ఐ కార్డుదారు