అందరి చేతుల్లో ఒకే కాగితం

విజయవాడ

ప్రియ మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. యూనిఫాంలు కుట్టే మీ యూనిట్టులో కటింగ్ మాస్టరు దగ్గర ఒక లెక్క, గుమాస్తా దగ్గర మరో లెక్క, బడివాళ్లు పంపిన కొలతల కాగితంలో ఇంకో లెక్క ఉంటున్నాయని, మీ అబ్బాయేమో అంతా ఆన్‌లైన్‌లో పెట్టమని పోరు పెడుతున్నాడని రాశావు. ఇందులో పస ఉందా, లేక ఊరికే మోజా అని అడిగావు. పస ఉందనే అంటాను. అది ఎక్కడుందో చెప్పాలంటే ముందు మా ప్రెస్సులో జరిగిన పొరపాటు చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం ఒక విత్తనాల దుకాణానికి 3,000 క్యాలెండర్లు వేశాం. వారు ప్రూఫు చూసి, దుకాణం ఫోను నంబరు మారిందని కబురు చేస్తే కంప్యూటరులో పేజీలు కూర్చే మా డీటీపీ ఆపరేటరు దిద్దాడు. అదే రాత్రి నేను ఇంట్లో పాత ఫైలు తెరిచి, పండుగల తేదీలు సరిచేసి, దానికి ‘ఫైనల్ 2’ అని పేరు పెట్టాను. అచ్చు ప్లేటుకు వెళ్లింది నా ఫైలు. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నంబరు మాత్రం పాతది. ఇంటిల్లిపాదీ మూడు రాత్రులు కూర్చుని చీటీలు అంటించాం. ఆలోచిస్తే ఇద్దరమూ జాగ్రత్తగానే దిద్దాం, కాకపోతే వేర్వేరు కాగితాల మీద దిద్దాం.

వెబ్ వల్ల మా పనిలో వచ్చిన మార్పంతా ఈ ఒక్కచోటే ఉంది. ఫైలు చేతులు మారుతూ తిరగడం మానేసింది, అది ఒకచోటే ఉంటుంది, మనుషులే దాని దగ్గరికి వస్తారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే కంప్యూటరు నిపుణుడు యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రమైన సెర్న్‌లో వెబ్‌ను ప్రతిపాదించిందే అక్కడి పరిశోధకుల సమాచారం చెల్లాచెదురు కాకుండా ఉండటానికి. 1990లో ఆయన తయారుచేసిన మొదటి బ్రౌజరులో పేజీని చదవడమే కాక దిద్దడం కూడా వీలయ్యేది. తరువాత జనంలోకి వచ్చిన బ్రౌజర్లు చాలావరకు చదవడానికే పరిమితమయ్యాయి. దిద్దే వీలు తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. పేజీ మొత్తాన్ని మళ్లీ తెరవకుండా కావలసిన ముక్కను మాత్రమే సర్వరు (పేజీలు దాచి ఉంచే దూరపు కంప్యూటరు) నుంచి తెచ్చుకునే సదుపాయం 1999లో మైక్రోసాఫ్ట్ బ్రౌజరులో వచ్చింది. దాని మీద ఆధారపడి 2005లో రైట్లీ అనే ఆన్‌లైన్ రాతపలక పుట్టింది, మరుసటి ఏడాది గూగుల్ దానిని కొనుక్కుంది, అదే ఈనాటి గూగుల్ డాక్స్‌కు మూలం. 2011లో వెబ్‌సాకెట్ ప్రమాణం ఖరారయ్యాక, ఏమైనా మారిందా అని బ్రౌజరు పదేపదే వెళ్లి అడగవలసిన అవసరం తప్పింది. రెంటి మధ్యా దారి తెరిచే ఉంటుంది కనుక మార్పు జరిగిన వెంటనే సర్వరే చెబుతుంది.

ఇద్దరు ఒకే వాక్యాన్ని ఒకేసారి దిద్దితే ఏమవుతుందని నీకు సందేహం రావాలి, నాకూ వచ్చింది. నేను వాక్యం మొదట్లో ‘శ్రీమతి’ చేర్చే క్షణంలోనే ఆపరేటరు ఏడో అక్షరాన్ని చెరిపాడనుకో. నా మాట చేరడంతో అతని ఏడో అక్షరం కుడివైపుకు జరిగిపోయింది, లెక్క మార్చకపోతే చెరిగేది వేరే అక్షరం. అందుకని ప్రోగ్రాము ఒకరి మార్పును బట్టి రెండోవారి స్థానాన్ని సర్దుతుంది. ఈ పద్ధతిని క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ అనే ఇద్దరు 1989లోనే ప్రతిపాదించారు. అంటే వెబ్ ఆలోచన మొలకెత్తిన సంవత్సరమే ఇదీ వచ్చిందన్నమాట, ఆ సంగతి తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

మా తెలుగు ముద్రణవాళ్లకు అడ్డంకి మరొకటి ఉండేది. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చునేవి కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరులో ‘శుభలేఖ’ తెరిస్తే కోడిగీతలు కనిపించేవి. 1991లో, ప్రపంచ భాషల అక్షరాలకు వేర్వేరు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత సంకేతాలు దక్కినా, మా ప్రెస్సులో వాటికి మారింది చాలా ఆలస్యంగా. మారాకే కస్టమరు తన ఫోనులో మా తెలుగు ప్రూఫు తెరిచి, తానే వ్యాఖ్య రాయగలిగాడు.

మొన్నటి సంగతి విను. శుభలేఖ ప్రూఫు లింకు పంపాం. రాత్రి పదకొండు గంటలకు పెళ్లికొడుకు మేనమామ తాతగారి పేరును ఎంచి, పక్కనే ఇలా రాశారు: “ముందున్న కీ.శే. తీసేయండి, ఆయన ఇక్కడే మంచం మీద కూర్చుని ఈ ప్రూఫు చదువుతున్నారు.” ఆపరేటరు తీసేసి ‘సరిచేశాను’ అని బదులిచ్చాడు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట గురించి అన్నారో ఆ మాట పక్కనే నిలిచి ఉంది. అదే వాట్సాప్ గ్రూపులో వచ్చి ఉంటే శుభోదయం బొమ్మల కింద పడిపోయేది, పెద్దాయనను మేమే పంపించేసిన వాళ్లమయ్యేవాళ్లం.

ఇబ్బందులు లేవని అనను. మొదట్లో మా ఆర్డర్ల షీటును అందరికీ దిద్దే హక్కుతో ఇచ్చాను. కొత్తగా చేరిన కుర్రవాడు పేర్ల వరుసను ఒక్కదానినే అక్షరక్రమంలో పేర్చడంతో ఒకరి పేరు పక్కన మరొకరి బాకీ వచ్చి కూర్చుంది. పాత కూర్పుల చరిత్రలోకి వెళ్లి, ఆ ఉదయం పది గంటల నాటి స్థితిని వెనక్కి తెచ్చాం. అప్పటినుంచి బాకీల నిలువు వరుసకు తాళం వేసి, మెషిన్‌మన్‌కు ‘ముద్రణ అయింది’ అనే గడి మాత్రమే వదిలాను. బైండింగువాళ్లు చూడగలరు, దిద్దలేరు. కరెంటు పోయినప్పుడు, నెట్ ఆగినప్పుడు ఏంచేయాలో కూడా ముందే అనుకోవాలి. ఆఫ్‌లైన్ సదుపాయం ఆన్ చేసి ఉంచితే రాసినది మన కంప్యూటరులోనే నిలిచి, నెట్ రాగానే వెళ్లి కలుస్తుంది.

కాబట్టి ఇప్పుడే పెద్ద సాఫ్ట్‌వేరు కొనకు. ఒక్క బడి ఆర్డరు తీసుకుని, ఒకే షీటు పెట్టి, తరగతి, కొలత, ఎన్ని జతలు, కోత అయిందా, కుట్టు అయిందా అన్న వరుసలతో ఒక నెల నడిపి చూడు. కటింగ్ మాస్టరు ఫోనులో తెరవగలిగితేనే అది నిలుస్తుంది, ఆయన మళ్లీ జేబులోంచి చీటీ తీశాడంటే షీటులో ఏదో లోపం ఉన్నట్టే, తప్పు ఆయనది కాదు. నీ ఆర్డరు పుస్తకంలో నిండుగా రాసి ఉన్న పేజీ ఒకటి ఫోటో తీసి పంపు, ఏ వరుసలు ఉంచాలో, వేటికి తాళం వేయాలో చూసి రాస్తాను.

నీ మిత్రుడు