శిథిలమని రాసే ముందు మిద్దె ఎక్కి చూడాలి

సంపాదక మహాశయా,

వర్తకుల మేడల్లో ప్రభుత్వ కచేరీలు నడవడం మనకు కొత్త కాదు. మద్రాసు బీచ్ స్టేషను ఎదుట వ్యాపారుల కోసం కట్టిన బెంటింక్ భవనంలో 1817 నుంచి అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు, 1862 నుంచి 1892 దాకా హైకోర్టు నడిచాయి. కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్లు అక్కడికే వెళ్లేవి. తర్వాత అది కలెక్టరు కచేరీ అయింది. చివరికి దాన్ని పడగొట్టి సింగారవేలర్ మాళిగై కట్టారు.

పాత మేడల్లో కార్యాలయాలు ఉండటం మంచిదే. తాళం పడిన ఇంటికంటే మనుషులు తిరిగే ఇల్లే ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ లోపల చేసే మార్పులతో మేడను పాడుచేసి, ఆపైన అది పాతబడిపోయిందని ధ్రువీకరించే పద్ధతికి మేం వ్యతిరేకం.

మొదట చూడాల్సింది పైకప్పు. ఈ మేడల్లో ఎక్కువ వాటికి మద్రాసు టెర్రస్ ఉంటుంది. టేకు దూలాల మీద అంగుళం మందం పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మూడు నాలుగంగుళాల కాంక్రీటు వేసి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ కొయ్యలతో దిమ్మిస పెట్టి, ఆపైన పెంకులు పరిచేవారు. అది కారినప్పుడు పగుళ్లు తెరిచి, మళ్లీ సున్నంతోనే పూడ్చి, గొట్టం వైపు వాలు సరిచేస్తే చాలు. ఇప్పుడు చేస్తున్నది వేరు. ప్రతిసారీ పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోస్తున్నారు. చదరపు మీటరుకు దాని బరువే సుమారు 120 కిలోలు. నివాస గృహం అంతస్తు మీద మనుషులకు, సామానుకు కలిపి మన ప్రమాణాలు లెక్కించే బరువు 200 కిలోలు. రెండుసార్లు అలా పోస్తే ఆ పరిమితి దాటిపోయినట్టే, కింద దూలం మాత్రం పాతదే.

రికార్డుల సంగతీ అంతే. ఫైళ్లు దాచే గదికి చదరపు మీటరుకు కనీసం 500 కిలోలు లెక్కేయాలని భారత ప్రమాణం ఐఎస్ 875 చెబుతోంది. నిండిన స్టీలు బీరువా 300 కిలోలు దాటుతుంది, అది నిలబడే చోటు అర చదరపు మీటరు కూడా ఉండదు. అలాంటివి పడకగది మధ్యలో వరసగా పెడితే దూలాలు కుంగక ఏం చేస్తాయి? రికార్డు గది కింది అంతస్తులోనే ఉండాలి. తప్పనిసరై పైన పెడితే, దూలాలు ఆనే గోడల పక్కనే బీరువాలు పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం సిమెంటు పూతతో. పాత గోడ సున్నంతో కట్టింది, నేలనుంచి ఎక్కిన తేమ సున్నపు పూత గుండా ఆరిపోతుంది. సిమెంటు పూత, ఎమల్షన్ రంగు ఆ దారి మూసేస్తాయి. తేమ పైపైకి పాకి, ఉప్పు పేరుకుని, పూత ఊడేటప్పుడు ఇటుక పొరను కూడా లాక్కుపోతుంది. దాన్ని చూసి మళ్లీ సిమెంటే పూస్తారు! సరైన మరమ్మతు ఇలా ఉండాలి: తడి గీతకు మరో అడుగున్నర పైదాకా సిమెంటు కొట్టేయాలి, ఇటుకల సందులు అంగుళం లోతున గోకాలి, ఉప్పును పొడి కుంచెతో దులపాలి, గోడ ఆరనివ్వాలి. తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో అర అంగుళానికి మించని పొరలుగా పూసి, తడి గోనెలు కప్పి, ఒక్కో పొరకు వారం గడువివ్వాలి. పైన వెల్ల వేస్తే చాలు. ఓపిక కావలసిన పని ఇది, అందుకే అంచనాల్లో కనబడదు.

దూలం కొసలు గోడలో దాగి ఉంటాయి, కుళ్లేదీ అక్కడే. ఏసీ నీటి గొట్టం గోడలోకి వదలడం, పై అంతస్తులో మరుగుదొడ్డి కట్టడం ఈ కుళ్లుకు రెండు పెద్ద కారణాలు. మరుగుదొడ్లు పెరట్లో విడిగా కట్టవచ్చు. ఇక మండువా ఇళ్లలో మండువాను రేకులతో మూసి, తూములో చెత్త నింపేస్తున్నారు. వేడిగాలి పైకి పోయే దారి, వాన నీరు బయటికి పోయే దారి రెండూ పోతాయి, ఏసీలు మరిన్ని పెడతారు.

హైదరాబాదు ఎర్రమంజిల్ వర్తకుడిది కాదు, నవాబు ఫక్రుల్ ముల్క్‌ది, అయినా అక్కడి అనుభవం ఇక్కడ వర్తిస్తుంది. చాలాకాలం ఇంజినీర్ల కార్యాలయాలకు నీడనిచ్చిన ఆ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ప్రతి ఊరి మేడకూ కోర్టుకెళ్లేవారు దొరకరు.

రోడ్లు, భవనాల శాఖకు మా వినతి ఇది. ‘శిథిలం’ అని రాసే ముందు కనీసం నాలుగు దూలాల కొసలు తెరిచి, మొనదేలిన ఉలితో పొడిచి చూడాలి. పైకప్పు మీద అదనంగా పోసిన కాంక్రీటు మందం కొలవాలి. పై అంతస్తు రికార్డులు దించాక కుంగుదల మళ్లీ కొలవాలి. ఈ మూడింటి ఫలితాలు ధ్రువపత్రంలో లేకపోతే కలెక్టరు దాన్ని తిప్పి పంపాలి. కొస కుళ్లిన దూలాన్ని పూర్తిగా మార్చనక్కర్లేదు. ఆరిన టేకు ముక్క అతికి, గోడలో దాని చుట్టూ అంగుళం గాలి సందు వదిలితే సరిపోతుంది.

— కొందరు సివిల్ ఇంజినీర్లు, సున్నం పనివారు, కాకినాడ