మంత్రి గారూ, ఆ లైబ్రరీ సదస్సేదో ఈసారి సిక్కోల్లో పెట్టించండి

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలేజీ లైబ్రేరియన్‌ని సార్. పౌర గ్రంథాలయాలు కూడా మీ శాఖ కిందే కాబట్టి మీకే రాస్తున్నా. అడిగేది ఒక్కటే, గ్రంథాలయాల మీద పరిశోధన సదస్సు ఒకటి, రెండ్రోజులది, మా ఊళ్లో, అదే మేం సిక్కోలు అనే శ్రీకాకుళంలో పెట్టించండి.

ఇలాంటి వాటికి నేను ఇంతవరకు ఓ అయిదారింటికి వెళ్లుంటాను. ఒకసారైతే ఒక పెద్ద ఊళ్లో ఏసీ హాలు, ఊరి పేరు వద్దులెండి, పొద్దున్న పదింటికి మొదలవ్వాల్సింది ముఖ్య అతిథి రాలేదని పన్నెండు దాటాక జ్యోతి వెలిగించారు, దాంతో పరిశోధన పేపర్లు చదివేవాళ్లకి తలా అయిదు నిమిషాలే మిగిలాయి, నాలుగో స్లైడ్ దగ్గరే నాకు బెల్ కొట్టేశారు. పోనీ విన్నవైనా కొత్తగా ఉన్నాయా అంటే సగానికి సగం ఒకే పేపర్ సార్, కాలేజీ పేరు మార్చుకోవడమే. ఫలానా కాలేజీ విద్యార్థులకి ఈ-రిసోర్సుల మీద, అంటే ఆన్‌లైన్ పుస్తకాలు, జర్నల్స్ మీద అవగాహన ఎంత అని ఓ ఫారం పంచడం, పర్సెంటేజీలు తియ్యడం, అవగాహన పెంచాలి అని తేల్చడం. నేనూ అలాంటిదొకటి రాశాన్లెండి, ప్రమోషన్‌కి పాయింట్లు కావాలి కదా. సాయంత్రం నాలుగయ్యేసరికి హాల్లో జనం లేరు, సర్టిఫికెట్ల టేబుల్ దగ్గర మాత్రం పెద్ద లైను.

మా ఊళ్లోనే ఎందుకు అంటారా, ఇక్కడ కథానిలయం ఉంది, అచ్చంగా తెలుగు కథల లైబ్రరీ. కథా రచయిత కాళీపట్నం రామారావు గారికి, అదే మా కారా మాస్టారికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డొస్తే ఆ డబ్బు దీనికే పెట్టి 1997లో మొదలెట్టారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక్కచోట దొరకాలని ఆయన పట్టు. వాళ్లకీ వీళ్లకీ ఉత్తరాలు రాసి, పాత పత్రికల కోసం తిరిగి తిరిగి పోగేశారు. మా లైబ్రరీ సైన్స్ కోర్సులో పుస్తక సేకరణ మీద ఒక పేపరంతా ఉంటుంది, ఈయనేమో బడి పంతులు, ఆ పేపరంతా చేసి చూపించేశారు. 2021లో పోయారు. ఆ బీరువాల మధ్య నిలబడి మాట్లాడుకోవాల్సినవాళ్లం హోటల్ హాల్లో స్లైడ్లు చూస్తున్నాం.

ఇంకోటి చెప్తాను. గురజాడ వారి దిద్దుబాటు, 1910, అదే మొదటి తెలుగు కథ అని మేమంతా చదువుకున్నాం, ఆ గురజాడ వారి ఇల్లు పక్కనే విజయనగరంలో ఉంది. తర్వాత భండారు అచ్చమాంబ గారి కథలు అంతకంటే ముందువి, 1902 నాటికే అచ్చయినవి ఉన్నాయని కొందరు వాదించారు, ఆ గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఎవరు రైటో నేను చెప్పబోవట్లేదు, కానీ ఏ వాదనైనా నిలబడాలంటే ఆ నాటి పత్రిక ఎవరి బీరువాలోనో మిగిలి ఉండాలి కదా, చెదలు తినేస్తే అక్కడితో చరిత్ర మారిపోయినట్టే. పాత న్యూస్‌ప్రింట్ కాయితంలో యాసిడ్ ఉంటుంది, పసుపెక్కిపోయి పట్టుకుంటే అప్పడంలా విరిగిపోతుంది, పైగా మాది సముద్రం పక్క గాలి, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు కూడా చూశాం. ముందు ఏ పత్రిక స్కాన్ చెయ్యాలి, ఏది రెండేళ్లు ఆగుతుంది, దీని మీద రాయమనండి పేపర్లు.

సెస్సు మీద కూడా రాయొచ్చు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు అని జనాల్లో చాలామందికి తెలీదు, మా ఇంటి ఓనరుకి నేను చెప్పేదాకా తెలీదు. పంచాయతీలో కట్టిన ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరడానికి ఎన్నాళ్లు పడుతోంది, మధ్యలో ఎక్కడ ఆగుతోంది? ఎవరైనా కుర్రాడు దీని మీద పీహెచ్‌డీ చేస్తే మీకే పనికొస్తుంది సార్.

ఇప్పుడు ఏ శాఖా గ్రంథాలయానికెళ్లినా డీఎస్సీ, గ్రూప్స్ పిల్లలే. చదివే పుస్తకం వాళ్ల బ్యాగులోంచే తీస్తారు, మనవి కుర్చీ, ఫ్యాను, పొద్దున్నొచ్చిన పేపరు. ఇది లైబ్రరీ బాగా నడుస్తున్నట్టా, నడవనట్టా? నాకైతే నిజంగా తెలీదు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అని మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడనే రంగనాథన్ గారు 1931లోనే రాశారు, ఈ పిల్లలకి ఆ పుస్తకం ఏదో వాళ్లని అడిగినవాడు లేడు. అది చెప్పగలిగేది రోజూ తాళం తీసే గ్రామ లైబ్రేరియన్. అందుకే వాళ్లకి ఓడీ (డ్యూటీ కిందే లెక్క), టీఏ (దారి ఖర్చులు) ఇచ్చి పిలిపించండి, తెలుగులో మాట్లాడనివ్వండి, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఆ తర్వాత మాట్లాడతాం మేం ఇంగ్లీషు పేపర్ల వాళ్లం.

ఖర్చు గురించి పెద్ద బెంగ అక్కర్లేదు. సదస్సులకి కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయం చేస్తుంది, ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఉంది, ట్రైన్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగుతారు. బ్యాగులు, శాలువాలు వద్దు, ఆ డబ్బులతో ప్రొసీడింగ్స్, అంటే సదస్సులో చదివిన పేపర్లన్నీ నెట్‌లో ఫ్రీగా పెట్టించండి. 1914లో గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య వారు బెజవాడలో గ్రంథాలయ సభ పెట్టినప్పుడు ఏసీ ఉందేటి?

మొదటిరోజు ఎచ్చెర్లలో పేపర్లు, రెండోరోజు పొద్దున్న బ్యాచీలుగా కథానిలయం, మధ్యాహ్నం గురజాడ వారి ఇంటికి విజయనగరం బస్సు. నవంబర్లో గ్రంథాలయ వారోత్సవాలప్పుడు పెడదాం అంటారేమో, అది తుఫాన్ల టైము. ఫిబ్రవరి మేలు. రథసప్తమి వారం మాత్రం వద్దు సార్, అరసవల్లికి జనం ఎగబడతారు, లాడ్జీల్లో రూములు దొరకవు.

ఇట్లు,
ఒక లైబ్రేరియన్,
శ్రీకాకుళం జిల్లా