పని ఎవరు చూస్తారని అడగండి

సంపాదకుడికి,

వేసవి ఇంటర్న్‌షిప్‌ల మీద మీరు మొన్న వేసిన వ్యాసం చదివాను. పీహెచ్‌డీ చేయాలనుకునేవారు పరిశోధనకు, ఉద్యోగం కావలసినవారు కంపెనీకి వెళ్లాలని తేల్చేశారు. ఇరవై రెండేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతూ, ఏటా సిఫార్సు లేఖలు రాస్తున్న నాకు ఆ లెక్క కుదరలేదు.

ఒక ఏడాది మూడో సంవత్సరం అమ్మాయి రెండు ఆహ్వానాలతో నా గదికి వచ్చింది. ఒకటి పరిశోధనశాలలో ఎనిమిది వారాలు, ఇంకొకటి మందుల కంపెనీ నాణ్యత విభాగంలో. నేను మొదట అడిగింది స్టైపెండ్ ఎంత అని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కంపెనీకే వెళ్లమన్నాను. తల ఊపింది, వెళ్లి పరిశోధనశాలలో చేరింది. తను చేసిన పనిని వారం వారం ఎవరు చూస్తారని రెండుచోట్లా ఫోను చేసి అడిగిందట. ఒకచోట ఫలానా పరిశోధక విద్యార్థి, ప్రతి సోమవారం గంటసేపు అన్నారు. రెండోచోట చేరాక చూద్దామన్నారు.

తిరిగొచ్చాక నోటుపుస్తకం చూపించింది. ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో బేస్‌లైన్, అంటే గ్రాఫులో అడుగు గీత, నిలబడక మూడు వారాలు పోయాయి. ద్రావకంలో కరిగిన గాలిని సరిగా తీసేయకపోవడంతో పంపులో బుడగలు చేరాయని చివరికి తేలింది. తప్పిన రీడింగును ఒకే గీతతో కొట్టేసి, పక్కన కారణం, తేదీ, పొడి సంతకం. అడుగున ఉన్న అంకె స్పష్టంగా కనబడుతోంది. మా ప్రాక్టికల్ రికార్డుల్లో నేను ఏటా చూసేది వైట్‌నర్ పూతలే! పరిశోధనపత్రం ఏదీ రాలేదు. అయినా ఆ పుస్తకం చూశాక లేఖ రాయడానికి నాకు పది నిమిషాలు పట్టలేదు.

కంపెనీలు వద్దని కాదు. అదే వేసవిలో సాఫ్ట్‌వేర్ సంస్థకు వెళ్లిన కుర్రాడి కోడ్‌ను అక్కడి సీనియర్ మూడుసార్లు తిప్పి పంపారు. అతనూ బాగుపడ్డాడు. గోప్యత ఒప్పందం వల్ల చేసిన పని ఎవరికీ చూపలేకపోయాడు, ఆ సీనియర్ రాసిన లేఖే పనికొచ్చింది. ఎదురు డబ్బు కట్టి చేరిన మరొకడికి మాత్రం రంగుల సర్టిఫికెట్ తప్ప ఏమీ దక్కలేదు.

అసలు చిక్కు తేదీలది. జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ 1962 నుంచి వేసవి విద్యార్థులను తీసుకుంటోంది. అలాంటి చోట్ల దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి, ఫలితాలు ఎప్పటికో గానీ రావు. ఈలోగా కంపెనీ వారంలో జవాబు చెప్పమంటుంది. గడువు పెంచమని మర్యాదగా రాస్తే ఒప్పుకునేవారున్నారు. వస్తామని ఒప్పుకుని తర్వాత విద్యార్థి మానేస్తే మాత్రం వచ్చే ఏడాది మా విద్యార్థులకు ఆ తలుపు తెరుచుకోదు.

మీ వ్యాసం వేసవి సెలవుల్లో వచ్చింది. వచ్చేసారి నవంబరులో వేయండి.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు