కరెంటు పెట్టకుండానే నా మోకాళ్ళను దారిలో పెట్టిన ఫిజియో చెల్లెకు

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. హనుమకొండ చుట్టుపక్కల పల్లెవెలుగు బస్సుల్లో డ్యూటీ. ఇది మా ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో పనిచేసే ఒక చెల్లె కోసం రాస్తున్నాను. పేరు రాయొద్దని తనే చెప్పింది కాబట్టి రాయడం లేదు. చదివితే తనకే తెలుస్తుంది.

2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మా బస్సులు ఎట్లా నిండుతున్నాయో తెలంగాణలో అందరికీ తెలుసు. జీరో టికెట్ అయినా కొట్టాలి, ఆధార్ చూడాలి, కిక్కిరిసిన జనంలోంచి ముందు డోరు నుంచి వెనక సీటు దాకా తిరగాలి. కండక్టర్ సీటు పేరుకే ఉంటుంది. పథకాన్ని తప్పుపట్టడం లేదు, మా అమ్మ కూడా ఆ టికెట్ మీదే తిరుగుతుంది. కానీ అప్పటికే ఉన్న మోకాళ్ళ నొప్పులు, 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర స్పెషల్ డ్యూటీలు అయ్యేసరికి బాగా ముదిరాయి. బస్సు దిగాలంటే రాడ్డు పట్టుకుని అడ్డంగా తిరిగి దిగేదాన్ని. రాత్రిపూట మడిచిన కాలు చాపాలంటే ప్రాణం మీదికొచ్చేది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి, గుజ్జు అరిగిపోయింది, రెండు మోకాళ్ళూ మార్చాల్సిందే అన్నారు. అప్పటిదాకా మెట్లెక్కొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అన్నారు. కండక్టర్‌ని ఆ రెండూ మానమంటే ఉద్యోగం మానమన్నట్టే. ఇంట్లో అందరికీ టెన్షన్. ఖర్చు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టరు గారు కాలు వంచి, చాపి, వాపు చూసి, మోకాలు మధ్యలో పట్టేసి కదలకుండా ఆగిపోతోందా అని అడిగి, "ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దమ్మా, ముందు ఎక్సర్‌సైజు చెయ్యి" అని ఫిజియోకు రాశారు. ఆయనకు కూడా నా దండం.

ఫిజియో అంటే కరెంటు పెడతారనుకునే వెళ్ళాను. మా దగ్గర అందరూ "కరెంటు పెట్టించుకో, తగ్గుతది" అనే అంటారు. ఈ చెల్లె మిషన్ల జోలికే పోలేదు. గోడకు ఆనించి ఒక కుర్చీ వేసి, "చేతులు ఛాతీ మీద పెట్టుకుని లేవండి అక్కా" అంది. చేతులు ఆనించకుండా నా వల్ల కాలేదు. "నొప్పి సంగతి చూద్దాం, ముందు తొడల్లో బలం లేదు, అది తెద్దాం" అంది.

కదిలితే ఇంకా అరుగుతుందేమోనని భయపడితే తను చెప్పిన మాట మా డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటున్నాం: "మోకాలు మీ బస్సు టైరు కాదక్కా, తిరిగినకొద్దీ అరగడానికి." గుజ్జులో రక్తనాళాలు ఉండవట. కాలి మీద బరువు పడుతూ, తేలికవుతూ ఉంటేనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుందట. కదలకుండా కూర్చుంటే తొడ కండరం సన్నబడి, దిగే ప్రతి మెట్టు అదురూ కీలు మీదే పడుతుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనపడినా హాయిగా నడిచేవాళ్ళున్నారని, కొంచెం అరిగినా నడవలేనివాళ్ళున్నారని కూడా చెప్పింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత భయం లేకుండా పడుకున్నాను.

ఇక ఎక్సర్‌సైజులంటారా, చూడ్డానికి చాలా మామూలువి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, కిందికి నొక్కి 5 సెకన్లు పట్టడం. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా ఎత్తడం. రబ్బరు బ్యాండుతో తుంటి పక్క కండరాలకు ఒకటి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కొన్నాళ్ళకు ఒక మెట్టు ఎక్కి దిగడం. ఇవన్నీ ఫోన్లో వీడియోలుగా దొరుకుతాయి. వీడియోలో దొరకనిది, నొప్పి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే మనిషి. తను నాకు ఒక లెక్క నేర్పింది. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోవాలి. చేసేటప్పుడు 5 దాటకపోతే ఆపక్కర్లేదు. మరుసటి రోజుకల్లా ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే ఈసారి తగ్గించి చెయ్యాలి, పూర్తిగా మానొద్దు.

ఆ లెక్క లేకపోతే నేను సద్దుల బతుకమ్మ తెల్లారే అన్నీ వదిలేసేదాన్ని. వంగుతూ లేస్తూ చప్పట్లు కొట్టి ఆడాక కుడి మోకాలు ఉబ్బింది. ఇంట్లో అందరూ "చూసినవా, చెప్తే విన్నవా" అన్నవాళ్ళే. పండగ సెలవని కూడా చూడకుండా చెల్లె ఫోనెత్తి, ఎర్రగా, వేడిగా ఉందా, జ్వరం ఉందా, కాలు మోపగలుగుతున్నారా అని ఒక్కొక్కటే అడిగింది. అవేవీ లేవని తేలాక, మెట్టు ఆపి తువ్వాలు ఎక్సర్‌సైజు మాత్రం చెయ్యమంది. వారం తిరక్కుండానే వాపు తీసింది.

మా అబ్బాయికి దేన్నైనా వెతికి చూస్తే తప్ప నమ్మకం కుదరదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇట్లా కీళ్ళు అరిగే జబ్బున్న అందరికీ వ్యాయామమే ముందు చెప్పాలని ఉందని చూపించాడు. డెన్మార్క్‌లో 2013 నుంచి గ్లాడ్ అనే పద్ధతి నడుస్తోందట. రెండు అవగాహన తరగతులు, ఆరు వారాల్లో పన్నెండు సార్లు దగ్గరుండి చేయించే వ్యాయామం. మా చెల్లె చేయించింది దాదాపు అదే, కాకపోతే విరిగిన ఫ్యాన్ కింద. ఇంకోటి కూడా చదివి వినిపించాడు. 2005లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగుకు నాలుగు కిలోల భారం మోకాలి మీద తగ్గుతుందట. అది విన్నాక నైట్ హాల్ట్‌లో మిర్చి బజ్జీలు తగ్గాయి. మానలేదు, తగ్గాయి.

నొప్పి పూర్తిగా పోలేదు. డబుల్ డ్యూటీ చేసిన రాత్రి ఇప్పటికీ గుంజుతుంది, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం రావట్లేదు. కానీ బస్సు ముందుకే తిరిగి దిగుతున్నాను. నొప్పి గోళీల డబ్బా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాను.

ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో నా డ్యూటీ సర్దిన మా కంట్రోలర్ సార్‌కు, నేను దిగి కాలు కింద పెట్టేదాకా బండి కదిలించని డ్రైవర్ అన్నలకు, "నువ్వు జర కూసో అక్కా, టికెట్ మేమే అందిస్తం" అన్న ఊళ్ళ ఆడబిడ్డలకు కృతజ్ఞతలు.

చెల్లే, వచ్చే నెల మెట్టు ఎత్తు పెంచుదామన్నావు కదా. డ్యూటీ చార్ట్ పడగానే ఫోన్ చేస్తా.